పిండివంటలో వాటా: పిల్లల బొమ్మల పుస్తకములలో అల్లరి జంతువులు

బాలసాహిత్యమును విమర్శించువారు సాధారణముగా అడుగు ప్రశ్న యొకటి కలదు: ఈ కథలో నీతి యేమి? ఆ ప్రశ్న తప్పు కాదు. కాని బొమ్మల పుస్తకమును ఒడిలో పెట్టుకొన్న నాలుగేండ్ల బిడ్డ ఆ ప్రశ్న అడుగదు. పండుగపూట వండి మూతపెట్టిన గిన్నెవైపు పిల్లి మెల్లగా నడచుచున్న బొమ్మను చూపినచో, బిడ్డ అడుగునది వేరు: "దానికి పెట్టలేదా?" పెద్దల ప్రశ్న దొంగతనమును గూర్చినది, బిడ్డ ప్రశ్న వాటాను గూర్చినది. పండుగ వంటకములను ఆరగించు అల్లరి జంతువుల కథలను ఈ రెండవ ప్రశ్నతో పరిశీలించుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

మొదట పరిధిని నిర్ణయించుకొనవలెను. బొమ్మలున్న ప్రతి పుస్తకమును బొమ్మల పుస్తకము కాదు. కథ మాటలలోనే పూర్తియై, బొమ్మ దానికి అలంకారముగా మాత్రమే నిలిచినచో అది సచిత్ర కథాపుస్తకము. బొమ్మను తీసివేసినచో మాట కుంటుపడి, మాటను తీసివేసినచో బొమ్మ మూగపోవునట్లు, రెండును చెరిసగము కథను మోయునది బొమ్మల పుస్తకము. "పిల్లి ఏమియు ఎరుగనట్లు కూర్చున్నది" అని మాట చెప్పుచుండగా, దాని మీసములకు అంటిన నేతిని బొమ్మ చూపవలెను. ఆ రెంటి నడుమనున్న యెడములో బిడ్డకు నవ్వు పుట్టును. అల్లరి జంతువు ఈ ప్రక్రియకు ఇంత ఇష్టమైన పాత్ర యగుటకు కారణమిదియే. దాని పనిని మాట దాచును, బొమ్మ బయటపెట్టును. ఆ రహస్యమును ముందుగా కనిపెట్టు అధికారము అక్షరములు రాని బిడ్డకే దక్కును.

మన యిండ్లలో ఏటేట వినబడు కథతో ప్రారంభింతము. భాద్రపద శుద్ధ చవితినాడు చదువబడు వినాయక వ్రతకథలో, విఘ్నాధిపత్యము పొందిన గణపతి భక్తులు సమర్పించిన కుడుములను, ఉండ్రాళ్ళను తృప్తిగా భుజించి, కొన్నింటిని తన వాహనమునకు పెట్టి, కొన్నింటిని చేతబట్టుకొని కైలాసమునకు వెళ్ళును. నిండిన కడుపుతో తల్లిదండ్రులకు వంగి నమస్కరింపలేక అవస్థపడుచుండగా, శివుని శిరముపై నున్న చంద్రుడు నవ్వును. ఆ దృష్టి తాకి ఉదరము పగిలి కుడుములన్నియు నేలపాలగును. పార్వతి శపించినది ఎవరిని? అతిగా తిన్న కుమారుని కాదు. వానితోపాటు తిన్న యెలుకను కాదు. చూచి నవ్విన చంద్రుని. ఈ కథలో తినుట నేరము కాదు, తినువానిని పరిహసించుట నేరము. ధాన్యపు గాదెలకు కన్నము వేయు ప్రాణియే పండుగనాడు యజమాని చేతినుండి తన పాలు అందుకొని పంక్తిలో కూర్చున్నది. వేరొకచోట దొంగ యనిపించుకొను ఎలుక ఇచ్చట వాటాదారు.

ఇది ఒక్క కథలో చెప్పిన విశేషము మాత్రమే కాదు. పండుగల ఆచారములోనే యున్నది. కోస్తా పల్లెలలో సంక్రాంతికి వరికంకులను కుచ్చులుగా అల్లి చూరులకు, గుడి మండపములకు వ్రేలాడగట్టుదురు. అవి పిచ్చుకల పాలు. కనుమనాడు పశువులను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, పొంగలి పెట్టుదురు. ఆనాడు కాకియైనను కదలదని సామెత. అనగా ప్రయాణములు మాని అందరును ఇంటిపట్టున నుండి తినవలసిన దినమని భావము, అందులో కాకిని కూడ లెక్కించిరి. ఆదిలాబాదు ప్రాంతమున పొలాల అమావాస్యనాడు ఎద్దులకు పూజయు, ఆహారమును జరుగును. నాగులచవితినాడు పుట్టకు పాలు, చలిమిడి, చిమ్మిలి తీసికొనిపోవుదురు. వాకిట పిండితో వేయు ముగ్గు చీమలకు పెట్టిన అన్నమని మన పెద్దలు చెప్పుదురు. చెన్నపట్టణమున మన పొరుగువారగు తమిళుల యిండ్లలో పొంగలు మరునాడు స్త్రీలు మేడలపై పసుపుటాకులు పరచి, రంగు రంగుల అన్నపు ముద్దలను కాకులకు పెట్టి, తమ తోబుట్టువుల క్షేమమును కోరుకొందురు. రెండు భాషల ఇండ్లలోను సూత్రమొక్కటే: జంతువు వచ్చి దోచుకొనక పూర్వమే దాని వాటా దానికి చేరవలెను.

అట్లయినచో అల్లరికి చోటెక్కడ? దీనికి సమాధానము సుందరకాండములోని మధువన ఘట్టమున దొరకును. సీతను కనుగొని తిరిగివచ్చుచున్న వానరులు అంగదుని అనుమతితో సుగ్రీవుని మధువనమున ప్రవేశించి, కడుపార తేనె త్రాగి, పాడి, ఆడి, క్రిందుమీదై, కాపరులను తన్ని తరిమిరి. వనపాలకుడగు దధిముఖుడు సుగ్రీవునకు మేనమామ. అతడు పరుగున వచ్చి మొరపెట్టుకొనెను. సుగ్రీవుడు కోపింపలేదు. కార్యము సఫలము కానిచో వీరింతకు తెగింపరని ఊహించి, సీత జాడ తెలిసినదని సంతోషించెను. దధిముఖుడు చూచినది విరిగిన కొమ్మలను. సుగ్రీవుడు చూచినది ఆ కొమ్మల వెనుకనున్న శుభవార్తను. అల్లరిని చదువు విధానము రెండు విధములని ఈ ఘట్టము చెప్పుచున్నది. మంచి బొమ్మల పుస్తకము బిడ్డను సుగ్రీవుని స్థానమున కూర్చుండబెట్టును. చెడ్డ పుస్తకము దధిముఖుని స్థానమున నిలుపును.

ఈ రెండు కొలతలను, అనగా వాటాను, అల్లరిని, చేతబట్టుకొని ఆంగ్లదేశపు పుస్తకములను చూతము. చెన్నైలోని మన పిల్లలలో పలువురు మొదట చూచుచున్న బొమ్మల పుస్తకములు అవియే కనుక ఈ పోలిక అవసరము. బియాట్రిక్స్ పాటర్ రచించి బొమ్మలు గీసిన పీటర్ కుందేలు కథ 1902లో వెలువడినది. అందులో తోట మెక్‌గ్రెగర్ అను మనుష్యునిది. కుందేలు అందులో చొరబడుట దొంగతనము. పీటరు తండ్రి అదే తోటలో పట్టుబడి మెక్‌గ్రెగరు ఇంట పిండివంటలో కూరబడెనని తల్లి మొదటనే హెచ్చరించును. తినబోయిన జంతువు తానే తిండియగుట అను భయము కథకంతటికిని పునాది. కుందేలునకు ఆ తోటలో పాలు లేదు. కథ యెంత సొగసైనదైనను దాని లోకమునకు కంచె యున్నది.

అదే రచయిత్రి 1904లో ప్రకటించిన రెండు చెడ్డ యెలుకల కథ మరింత విచారింపదగినది. బొమ్మరింటిలో చక్కని విందు అమర్చియుండును. టామ్ థంబ్, హంకామంకా అను ఎలుకల జంట ఆశతో బల్ల చేరును. ఆ మాంసము, ఆ చేప, ఆ పండ్లు అన్నియు సున్నపుముద్దతో చేసి రంగువేసినవి. కోయబోయిన కత్తి వంగిపోవును. కోపించిన ఎలుకలు పళ్ళెములలోని తిండిని పగులగొట్టి, ఇంటిని చిందరవందర చేయును. ఇంతవరకు కథ నిష్పక్షపాతముగా నున్నది: తినుటకు వీలులేని విందును పరచినవారిదా తప్పు, పగులగొట్టిన వారిదా? కాని రచయిత్రి ముగింపులో లెక్క తేల్చును. ఎలుకలకు దొరికిన వంకర ఆరుపెన్నీల నాణెమును క్రిస్మస్ ముందురాత్రి ఆ బొమ్మల మేజోడులో పెట్టి అవి బాకీ తీర్చుకొనును. హంకామంకా ప్రతిదినము తెల్లవారుజామున వచ్చి ఇల్లు ఊడ్చును. పండుగనాడు ఎలుక ఇచ్చట పుచ్చుకొనునది కాక చెల్లించునదియైనది. మన వ్రతకథలోని యెలుకతో దీనిని పోల్చిచూచినచో రెండు లోకముల భేదము స్పష్టమగును. అచ్చట పండుగ ఋణము తీర్చుకొను దినము. ఇచ్చట పాలు పంచుకొను దినము.

అయితే పాశ్చాత్యుల పుస్తకములన్నియు ఇట్టివేయని తీర్మానించుట అన్యాయము. జూడిత్ కెర్ గారి "టీకి వచ్చిన పులి" 1968లో వెలువడినది. తలుపు తట్టి లోనికి వచ్చిన పులి బల్లమీది రొట్టెలు, బిస్కత్తులు, కేకు, వండుచున్న భోజనము అన్నియు తిని, కుళాయిలో నీరు సైతము త్రాగి వెళ్ళిపోవును. తల్లి కోపగింపదు, సోఫీ భయపడదు. తండ్రి వచ్చి అందరను హోటలుకు తీసికొనిపోవును. మరునాడు వారు పులికొరకు పెద్ద డబ్బా తిండి కొని యుంచుదురు. పులి మరల రాదు. అతిథి యెవరైనను ఆదరింపవలెనను భావము ఆ డబ్బాలో నున్నది. కనుమనాటి వరికుచ్చును ఎరిగిన తెలుగుబిడ్డకు ఆ డబ్బాను విడమరచి చెప్పనక్కరలేదు. మరుసటి యేడు, 1969లో, ఎరిక్ కార్ల్ ప్రకటించిన ఆకలిగొన్న గొంగళిపురుగు కథలో శనివారమునాడు ఆ పురుగు కేకులు, మిఠాయిలు, ఊరగాయ, పుచ్చకాయ అన్నిటికిని రంధ్రము చేసి తిని కడుపునొప్పి తెచ్చుకొనును. ఆదివారము ఒక పచ్చని ఆకు తిని స్వస్థత పొందును. ఎవరును దానిని మందలింపరు. తనది కాని విందును వదలి తన ఆకునకు అది తిరిగివచ్చును. వాటా యనగా ఎక్కువ తక్కువల లెక్క కాదనియు, తన కడుపునకు తగినదనియు ఈ చిన్న పుస్తకము మాటలో చెప్పక కాగితమునకు చిల్లులు పొడిచి చెప్పినది.

ఇక మన నగరమునకు వత్తము. తెలుగు బాలసాహిత్యమునకు మద్రాసు చిరకాలము పుట్టినిల్లుగా నుండెను. రేడియో అన్నయ్యగా పేరొందిన న్యాయపతి రాఘవరావుగారు 1945లో "బాల" పత్రికను ఇచ్చటనే ప్రారంభించిరి. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణిగార్లు "చందమామ"ను తెలుగునను, "అంబులిమామ" అను పేర తమిళమునను ఒకేసారి వెలువరించిరి. 1952 నుండి 1980లో మరణించువరకు కొడవటిగంటి కుటుంబరావుగారు చందమామ సంపాదకత్వపు బరువు మోసిరి. చిత్రా, శంకర్, వడ్డాది పాపయ్యగార్ల కుంచెలు మూడు తరముల పిల్లల కన్నులకు రాజులను, రాక్షసులను, పల్లెటూళ్ళను, పండుగలను నేర్పినవి. తెలుగు చందమామ 2013 నాటికి ఆగిపోయినను ఆ బొమ్మలు మరుగునపడలేదు.

అయినను విమర్శకుడు ఒక మాట చెప్పక తప్పదు. చందమామ సచిత్ర కథాపత్రిక. ముందు చెప్పిన అర్థమున బొమ్మల పుస్తకము కాదు. అచ్చట బొమ్మ కథను అనుసరించునే కాని కథతో వాదింపదు. జంతువు కథలలో నక్కకు, కోతికి తెలివి కలదు. ఆ తెలివి నీతిని నిరూపించుటకు ఉపయోగపడిన సాక్ష్యము. పిల్లుల రొట్టెను తూచి తూచి తానే తిన్న కోతి కథను మనమందరము ఎరుగుదుము; అందు రొట్టె న్యాయస్థానమున పెట్టిన వస్తువే కాని నోరూరించు తిండి కాదు. తిండిని తిండిగా, అల్లరిని అల్లరిగా చూపు కథకు మన సచిత్ర సాహిత్యమున చోటు ఇరుకైనది.

కాని చందమామ ఈ నగరమున మరొక సంప్రదాయమును నెలకొల్పెను. ఒకే బొమ్మను రెండు భాషల పిల్లలు, పిమ్మట అనేక భాషల పిల్లలు, ఒకే మాసమున చూచిరి. బొమ్మ ఉమ్మడి ఆస్తి. మాట ఎవరిది వారిది. 1994లో చెన్నైలో స్థాపింపబడిన తార, 1996లో ప్రారంభమైన తూలిక అను ప్రచురణసంస్థలు నిజమైన బొమ్మల పుస్తకమును ఈ నగరమునకు తెచ్చినవి. గీతా వూల్ఫ్ చెప్పగా ఇంద్రప్రమిత్ రాయ్ వార్లీ పద్ధతిలో బొమ్మలు వేసిన తారవారి ఆకలిసింహము కథలో, శ్రమ లేక తిండి సంపాదింపగోరిన సింహమును అల్పప్రాణులు మోసగించును. తూలికవారు ఒకే పుస్తకమును ఆంగ్లమునను, తెలుగుతో సహా పలు దేశభాషలలోను వెలువరించు పద్ధతిని అవలంబించిరి. వారి ప్రచురణలలో అశోక్ రాజగోపాలన్ సృష్టించిన గజపతి కులపతి అను ఊరి యేనుగు జలుబు చేసి తుమ్మును. ఆ తుమ్మునకు ఊరు అదరును. కాని ఊరెవరును దానిని తరుమరు, ఏలయన అది వారి యేనుగు. జంతువు ఊరిలో వాటాదారైనప్పుడు దాని అల్లరి ఉత్సవమగును. మధువనపు ధర్మము ఈ చిన్ని పుస్తకమున సజీవముగా నున్నది.

ఒకే బొమ్మకు పలు భాషలు అమరినప్పుడు మాటపై పడు బాధ్యతను మనము ఇంతవరకు తగినంతగా గుర్తింపలేదని నా అభిప్రాయము. పళ్ళెములో గుండ్రని గోధుమవన్నె వంటకము బొమ్మగా నున్నది. తమిళబిడ్డకు అది అదిరసము, తెలుగుబిడ్డకు అరిసె. ఆవిరిపై ఉడికిన తెల్లని పిండివంట ఒకరికి కొళుక్కట్టై, మరొకరికి కుడుము. వడ, గారె, పోళి, బొబ్బట్టు, పుళియోదరై, పులిహోర: బొమ్మకు ఈ భేదము తెలియదు. ఆ పుటను తెలుగు చేయునది మాట ఒక్కటియే. అనువాదకుడు ఆ మాటను వదలి "మిఠాయి" అనియో, "తీపి" అనియో వ్రాసినచో బొమ్మ మిగులును, తెలుగు పోవును. పిల్లవాడు కథను అర్థము చేసికొనును కాని తన యింటి వంటింటిలో దానిని గుర్తింపడు.

ఇది భాషాభిమానము వలన చెప్పుచున్న మాట కాదు, కథానిర్మాణమునకు సంబంధించినది. ఏ వంటకమో తెలియనిచో ఏ అల్లరి సాధ్యమో తెలియదు. జంతిక కరకరలాడును, దానిని కొరికిన పిల్లి తన చప్పుడునకు తానే పట్టుబడును. బొబ్బట్టు మెత్తనిది, దానిని తిన్న పిల్లి చప్పుడు వలన పట్టుబడదు, నేతి మరకవలన పట్టుబడును. అరిసెలను నూనెనుండి తీసి రెండు చెక్కల నడుమ అదుమునప్పుడు ఇంటిల్లిపాది కన్నులు అటే యుండును. దొంగకు అదను లేదు. తెలంగాణపు సకినములను చుట్టి వేయించుటకు ముందు గుడ్డపై వరుసలుగా ఆరనిత్తురు. పిచ్చుకకు, కాకికి, ఉడుతకు అదియే సమయము. పైగా సకినము వలయములు వలయములుగా నుండును. అందు తల దూర్చిన ఎలుకపిల్లను చిత్రించుటకు చిత్రకారునకు అంతకన్న ఏమి కావలెను? ఉండ్రము దొర్లును, దాని వెంబడి ఎలుకయు, ఎలుక వెంబడి పిల్లియు, పిల్లి వెంబడి బామ్మయు పుటనుండి పుటకు పరుగెత్తవచ్చును. ఇన్ని కథలు మన వంటింటిలో నుండగా పుస్తకములలోని జంతువులు చాలవరకు కేకునే దొంగిలించుచున్నవి. కేకు మీద నాకు ద్వేషము లేదు. క్రైస్తవ తెలుగు కుటుంబములలో అదియు పండుగ వంటకమే. కాని అది ఒక్కటియే పండుగ యగుట లోటు.

వంటకము మారినచో కథ యెట్లు మారునో చూపుటకు ఒక పుస్తకమును పరిశీలింతము. అమెరికాలో 2012లో ప్రచురితమైన, సంజయ్ పటేల్, ఎమిలీ హేన్స్ గార్ల "గణేశుని తీపిపన్ను" ప్రవాసభారతీయుల యిండ్లలో ఆదరణ పొందినది. అందు బాలగణపతి మిక్కిలి గట్టిదగు లడ్డును కొరకబోవును, మిత్రుడగు ఎలుక వలదని వారించును, దంతము విరుగును. చింతించుచున్న గణపతిని వ్యాసుడు కలిసి, ఆ విరిగిన దంతముతోనే మహాభారతమును వ్రాయుమని కోరును. బొమ్మలు రమ్యమైనవి, దంతము విరిగిన నష్టమును గ్రంథలేఖనమను లాభముగా మార్చిన కల్పన మెచ్చదగినది. కాని మన కొలతతో చూచినచో ఒక మార్పు గోచరించును. వ్రతకథలోని కుడుము మెత్తనిది, ఇంటిలో వండినది, పంచదగినది. అందుకే ఎలుకకు వాటా దక్కెను. ఇచ్చటి లడ్డు పన్ను విరుగునంత గట్టిది. అది పంచుకొనుటకు కాక పంతమునకు పనికివచ్చినది. అందుచేత ఎలుక సహభోజి కాక హితోపదేశకుడైనది. వంటకము మారగానే జంతువు పాత్రయు మారినది. ఇది ఆ గ్రంథకర్తల దోషము కాదు. వారి కథకు అట్టి లడ్డే కావలెను. కాని తెలుగుబిడ్డకు ఈ గణపతియొక్కడే తెలిసి, ఎలుకకు ఉండ్రము పెట్టిన గణపతి తెలియకపోయినచో, ఆ లోపము మనది.

ఇచ్చట ఒక ఆక్షేపణను ఎదుర్కొనవలెను. జంతువులకు పండుగ వంటకములు పెట్టుట మంచిదని పిల్లలకు నేర్పవచ్చునా? పశువులకు మితిమీరి పొంగలి పెట్టినచో కడుపులో ఆమ్లము పెరిగి ప్రాణాపాయము కలుగవచ్చునని పశువైద్యులు హెచ్చరించుచున్నారు. గుడులవద్ద తినుబండారములకు అలవాటుపడిన కోతులు మనుష్యులపైబడుట మనమెరిగినదే. చాకొలెట్టు కుక్కలకు విషము. ఈ ఆక్షేపణ సరియైనది, దానిని కొట్టివేయరాదు. కాని మన ఆచారమును శ్రద్ధగా గమనించినచో సమాధానము అందులోనే కలదు. పిచ్చుకకు కట్టినది అరిసె కాదు, వరికంకి. చీమకు వేసినది లడ్డు కాదు, చిటికెడు బియ్యపు పిండి. వాటా యనగా మనము తినునది దానిచేత తినిపించుట కాదు. మన పండుగలో దానికి తగినది దానికి చేర్చుట. కథలోని ఎలుక ఉండ్రము తినవచ్చును. ఆ పుస్తకమును మూసిన బిడ్డ మేడపై పిచ్చుకకు గింజలు చల్లినచో ఆ పుస్తకము సఫలమైనట్లే.

మరికొందరు వేరొక మాట అందురు: దొంగిలించిన జంతువునకు శిక్ష లేనిచో పిల్లలు దొంగతనము నేర్తురు. ఈ భయముననే మన ప్రచురణకర్తలు కొందరు కడపటి పుటలో నీతివాక్యమును తగిలించుచున్నారు. అది బిడ్డ కనిపెట్టిన రహస్యమును బిడ్డ చేతినుండి లాగికొనుట. పిల్లిమీసములకు అంటిన నేతిని చూచి నవ్విన బిడ్డకు, పిల్లి చేసినది తప్పని వేరుగా చెప్పనక్కరలేదు. తప్పని తెలిసియే నవ్వినది. చెప్పవలసినది ఏదైన నున్నచో అది పెద్దలకు: పిల్లి గిన్నెమూత తీయకమునుపే దాని పాలు దానికి పోయలేదేమి?

కావున పండుగ వంటకమును, అల్లరి జంతువును చిత్రించు పుస్తకమును ఎన్నుకొనునప్పుడు, లేక వ్రాయించునప్పుడు, మూడు విషయములు పరీక్షింపవలెనని సూచించుచున్నాను. మొదటిది, కథాలోకమున జంతువునకు వాటా కలదా? లేనిచో ఆ లేమిని కథ గుర్తించినదా? రెండవది, వంటకమునకు దాని సొంత పేరు, సొంత గుణము ఉన్నవా? అనగా జంతిక కరకరలాడినదా, ఉండ్రము దొర్లినదా? మూడవది, ముగింపున శిక్షకు, ఉపదేశమునకు మారుగా మనుష్యులును జంతువులును తిరిగి ఒక పంక్తికి చేరిరా? ఈ మూడింటిలో రెండైనను ఉన్న పుస్తకము మన యింటిలో ఉండదగినది.

ఈ విచారము చెన్నైలోని తెలుగువారికి తీరికవేళ కాలక్షేపము కాదు. తమిళనాడు ప్రభుత్వము 2006లో చేసిన తమిళ అభ్యసన చట్టము ప్రకారము పాఠశాలలలో తమిళము తప్పనిసరి పాఠ్యభాషయైనది. ఉన్నచోటి భాషను నేర్చుకొనుట న్యాయమే. అది మన పిల్లలకు మేలే. కాని దాని ఫలితముగా తెలుగు మాటలాడగలిగి, తెలుగు లిపి చదువలేని పిల్లలు మన యిండ్లలో పెరుగుచున్నారు. వారికి పద్యము, నవల, వ్యాసము ప్రస్తుతము అందవు. అందునది ఒకటి కలదు: అమ్మమ్మయో, నాన్నయో ప్రక్కన కూర్చుండి పైకి చదువగా, బిడ్డ బొమ్మ చూచుచు వినదగిన పదునారు పుటల పుస్తకము. అక్షరము రాకపోయినను బొమ్మను చదువుటలో పెద్దవారికన్న బిడ్డయే ముందుండును. ఆ గెలుపుతో "ఉండ్రము", "జంతిక", "సకినము" అను మాటలు వాని నోట నిలుచును. పిమ్మట లిపిపై కోరిక కలుగవచ్చును.

అందుచేత మన సంఘములకు ఒక విన్నపము. ప్రత్యేక సంచికలు వెలువరించుట మన కర్తవ్యము, అది మానవలదు. దానితోపాటు ఏటికి ఒక్క బొమ్మల పుస్తకమును, ఒక్క పండుగను, ఒక్క వంటకమును, ఒక్క జంతువును తీసికొని వెలువరింపగలమా? ఈ నగరమున చిత్రకారులకు కొదువ లేదు, అచ్చుకూటములకు కొదువ లేదు. నెల్లూరు, గుంటూరు, గోదావరి, తెలంగాణ, రాయలసీమల వంటకములను వాని పేర్లతో సహా ఎరిగిన అమ్మమ్మలు మన సభలలో ముందువరుసలోనే కూర్చున్నారు. వారి మాటను వ్రాసికొని, అదే బొమ్మకు పొరుగువారి తమిళమును కూడ అమర్చినచో, 1947లో ఈ పట్టణమున ప్రారంభమైన ఉమ్మడి బొమ్మల సంప్రదాయమునకు మనము వారసులమైనట్లగును.

పండుగ వంటకమున ఎలుకకును, పిచ్చుకకును వాటా ఉంచిన జాతి మనది. ఆ పండుగను చెప్పు పుస్తకమున మన పిల్లలకు వారి మాటల వాటా నుంచుట అంతకన్న కష్టమైన పని కాదు.